చిన్న తెరకును అదే పుట

గత వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున, ఉదయము పదకొండు గంటల వేళ, మన పాఠశాల విద్యార్థి యొకని తల్లి తన సెల్‌ఫోనును చేతబట్టుకొని మా యింటి వాకిట నిలిచెను. "అయ్యగారూ, మావాడి నంబరు కొట్టాక ఇది గుండ్రంగా తిరుగుతూనే ఉందండి. గంటనుంచీ ఇంతే" అనెను. ఆమె ఫోను పాతది. తెర యొక మూల పగిలియుండెను. నేను నా ఫోనులో ఆ నంబరు వేసి చూచితిని. మార్కులకంటె ముందు మూడు ప్రకటనలును, కదలెడు బొమ్మ యొకటియు వచ్చినవి; అవి నిండుగా పరచుకొనిన పిదప మార్కులు కనబడెను. బాలుడు ఉత్తీర్ణుడయ్యెను. ఆ తల్లి సంతోషించినది గాని, మెట్లు దిగుచు, "మా ఫోనే మంచిది కాదు లెండి" అని తన వస్తువును తానే నిందించుకొనెను.

ఆ మాట చాల దినములు నా మనస్సును కలచుచుండెను. తప్పు ఆమె ఫోనుది కాదని నా దృఢాభిప్రాయము. ఒక పేరును, ఆరు పాఠ్యాంశముల మార్కులును చూపుటకు అంత బరువైన పుటను కట్టినవారిదే ఆ తప్పు. ఈ యభిప్రాయము నాకు ఊరక కలుగలేదు. చిన్న ఫోనుల తెరపై ఇంటర్నెట్టు పుటలను చూపుటకు తొలినాళ్లలో కొందరు పడిన పాట్లను గూర్చి తెలిసికొనినందున కలిగెను. ఆ కథను మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఇచ్చట విన్నవించెదను.

తెలిసినదాని నుండి తెలియనిదానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొదట నేర్పిన సూత్రము. కనుక ముందుగా బ్రౌజరన నేమో చెప్పెదను. దీనికి కొందరు "విహారిణి" యని చక్కని తెలుగు పేరు పెట్టిరి. పేరు బాగున్నది గాని మా తొమ్మిదవ తరగతిలో దాని నెరిగినవాడు ఒక్కడును లేడు. అందుచేత బ్రౌజరనియే వ్రాసెదను. దూరమున నున్న సర్వరను యంత్రము మన మడిగిన పుటను పంపును. ఆ పుట బొమ్మవలె సిద్ధముగా రాదు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇచ్చట పటము నుంచవలెను అను గుర్తులతో కూడిన వ్రాతగా వచ్చును. ఆ గుర్తులను చదివి, అక్షరములను పేర్చి, తెరకు తగినట్లు పుటను కట్టి చూపునదే బ్రౌజరు. అచ్చుకూటములో అక్షరములు కూర్చువాని పని యెట్టిదో దీని పనియు నట్టిదే.

1989లో, స్విట్జర్లాండు దేశమున జెనీవా పట్టణము చెంతనున్న సెర్న్ అను పరిశోధనాలయమునందు, టిమ్ బర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు ఈ పుటల వలను గూర్చి తొలి ప్రతిపాదనను వ్రాసెను. 1990 చివరకు తొలి బ్రౌజరును నిర్మించెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సాధనమును ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని సెర్న్ వారు ప్రకటించిరి. ఈ యేర్పాటులో నాకు మిక్కిలి నచ్చిన యంశ మొకటి కలదు. పుటను వ్రాసినవాడు దానిని చదువువాని యంత్ర మెట్టిదో ఎరుగనక్కరలేదు. పెద్ద తెర గలవాడు పెద్దగా, చిన్న తెర గలవాడు చిన్నగా కట్టుకొనును. వ్రాత మాత్ర మొక్కటే. కాని పుటలు వ్రాయువారు దీనిని త్వరలోనే మరచిరి. తమ బల్లపై నున్న 800 చుక్కల వెడల్పు తెరయే లోకమందలి తెర యని తలచి, దానికి సరిపడ పట్టికలు గీసి, ఆ గళ్లలో అక్షరములను బిగించిరి.

అట్టి దినములలో సెల్‌ఫోనునకు ఇంటర్నెట్టును తేవలె నను తలంపు పుట్టెను. 1997లో ఎరిక్‌సన్, మోటరోలా, నోకియా, అన్‌వైర్డ్ ప్లానెట్ అను నాలుగు సంస్థలు సంఘముగా నేర్పడి, మరుసటి యేడు "వ్యాప్" అను పద్ధతిని వెలువరించినవి. 1999లో వచ్చిన నోకియా 7110 అను ఫోనులో ఆ పద్ధతి కలదు. దాని తెర 96 చుక్కల వెడల్పు, 65 చుక్కల యెత్తు. ఇంత చిన్న తెరకు అసలు పుటలు పనికిరావని ఆ సంస్థలు నిశ్చయించుకొని, ఫోనుల కొరకు వేరు పుటలను, ఆ పుటలకు వేరు భాషను కల్పించినవి. పుటకు చీటి యనియు, చీటీల కట్టకు పేక యనియు పేరు. అందలి సరకు మిక్కిలి స్వల్పము: నాలుగు వరుసల వార్త, నాటి వాతావరణము, పందెముల ఫలితములు. తొలుత ఫోను మాటలకు వలె నిమిషముల లెక్కన సొమ్ము కోసెడివారు. ఆంగ్లమున వ్యాప్ అను మూడక్షరములకు "వేచియుండుము, చెల్లింపుము" అని జనులు వేళాకోళముగా అర్థము చెప్పుకొనిరి.

ఆ యింజనీర్లను దూషించుట నా యుద్దేశము కాదు. నాటి తీగలేని దారిలో సెకనుకు పదివేల బిట్లకు అటునిటుగా మాత్రమే సాగెడివి. ఫోనులోని జ్ఞాపకశక్తియు మిక్కిలి తక్కువ. ఐనను బీదయంత్రమునకు బీదలోక మొకటి చాలునను నిర్ణయము నాకు సమ్మతము కాదు. మా తాతగారి యూర రెండు బావులుండెను. ఊరి బావి యొకటి, మా పేట బావి యొకటి. పేటకు వేరుగా బావి త్రవ్వించితిమి గదా యని ఊరి పెద్దలు తృప్తిపడెడివారట. వేసవిలో ముందుగా ఎండిన బావి యేదియో నేను చెప్పనక్కరలేదు. యాకోబు బావియొద్ద ప్రభువు సమరయ స్త్రీకి వేరొక బావి చూపలేదు. ఆ బావియొద్దనే ఆమె చేతినుండి దాహ మడిగెను. వ్యాప్ పేకలు కొలది సంవత్సరములలోనే మూలబడుటకు కారణము తెర చిన్నదగుట కాదు. అందు చూడదగిన దేమియు లేకుండుటయే.

జపాను దేశమున 1999 ఫిబ్రవరి 22న ఎన్.టి.టి. డొకొమో వారు "ఐ-మోడ్" అను మరియొక పద్ధతిని ప్రారంభించిరి. వారు అసలు పుటల భాషనే కుదించి వాడిరి. కాలమునకు గాక, వచ్చిన సమాచారపు పరిమాణమునకు లెక్కకట్టిరి. అది బాగుగా ప్రబలెను. ఐనను అది ముఖ్యముగా ఆ దేశపు తోటయే యగుటచేత దానిని విడిచి నార్వే దేశమునకు పోయెదను.

1994లో, తరువాత టెలినార్ అని పేరొందిన నార్వే తంతి సంస్థ పరిశోధనశాలలో యోన్ వాన్ టెట్జ్‌నర్, గైర్ ఇవార్‌సోయ్ అను నిద్దరు ఒక బ్రౌజరును నిర్మింప మొదలిడిరి. 1995లో ఒపేరా అను పేర స్వంత సంస్థను స్థాపించిరి. అమెరికా సంస్థల బ్రౌజర్లు నానాటికి స్థూలించుచుండగా, వీరిది ఒక ఫ్లాపీ బిళ్లపై పట్టునంత చిన్నదై, పాత కంప్యూటర్లపైనను చురుకుగా నడచునని పేరు తెచ్చుకొనెను. చిన్నదిగా నుండు అభ్యాసము తరువాతి కాలమున వారి కెంత యక్కరకు వచ్చెనో చూడుడు. బ్రిటనుకు చెందిన సయాన్ సంస్థ చేతిలో నిముడు కంప్యూటర్లను చేయుచుండెను. ఆ యంత్రములను నడపు "ఎపాక్" అను ఏర్పాటునుండియే, 1998లో నోకియా, ఎరిక్‌సన్ మున్నగు వారితో కలిసి నెలకొల్పిన సింబియన్ పుట్టెను. ఒపేరా వారు 2000 నాటికి తమ బ్రౌజరును ఎపాక్ పై దింపిరి. అచ్చటినుండి సింబియన్ ఫోనులపైకి తెచ్చిరి. హోకున్ వీయమ్ లీ అను మరియొక నార్వే విద్వాంసుడు 1999లో ఆ సంస్థయందు చేరెను. పుటలోని విషయము వేరు, దాని వేషము వేరు, రెంటిని విడిగా వ్రాయవలెనని 1994లోనే ప్రతిపాదించినవా డతడే. విషయము వేషమునుండి విడివడినప్పుడే అది యే తెరకైనను ఒదుగును.

2002లో వారు చేసిన పని నాకు ముచ్చటగొలుపును. ఆనాటి నోకియా 7650 అను ఫోను తెర 176 చుక్కల వెడల్పు మాత్రమే. 800 చుక్కల పుటను అందు పెట్టిన, కిటికీ సందులోనుండి ఊరేగింపు చూచినట్లుండును. ఒక వరుస చదువుటకు తెరను నాలుగైదు మారులు ప్రక్కకు జరుపవలెను. ఒపేరా వారు పుటలోని పట్టికలను విప్పి, గళ్లను ఒకదాని క్రింద నొకటి పేర్చి, బొమ్మలను తెర వెడల్పునకు కుదించి, పుటనంతటిని నిలువున ఒకే పట్టెగా మడచిరి. క్రిందికి జరుపుటయే గాని ప్రక్కకు జరుపుట లేదు. బస్సులో ఇరుకున కూర్చుండి వార్తాపత్రికను నిలువుగా మడచి చదువువానిని మీరు చూచియుందురు. అట్టిదే యిది. లోపము లేకపోలేదు. పుట మొదటనుండు లంకెల వరుస లన్నియు ముందు వచ్చుటచేత, అసలు సంగతి చేరువరకు వ్రేలు నొప్పిపుట్టును. ఐనను అది అసలు పుటయే. ఎవరును ఏరి తగ్గించి యిచ్చినది కాదు.

ఇదంతయు వెల గల ఫోనుల సంగతి. సామాన్యుల చేతిలోని మీటల ఫోనులకు పుటను కట్టు బలమే లేదు. వానికై వారు కనిపెట్టినది ఒపేరా మినీ. 2005 ఆగస్టులో నార్వేలో టీవీ 2 అను సంస్థతో కలిసి మొదట పరీక్షించి, 2006 జనవరి 24న లోకమునకంతటికి విడిచిరి. ఫోనులో నుంచవలసిన భాగము సుమారు 100 కిలోబైట్లు. నేటి ఛాయాచిత్రమొక్కటి అంతకు ఎన్నియో రెట్లుండును. అందలి యుపాయ మిది. ఫోను తనకు కావలసిన పుట పేరు మాత్రము ఒపేరా వారి సర్వరునకు చెప్పును. ఆ సర్వరు అసలు పుటను తెచ్చి, గుర్తులన్నిటిని తానే చదివి, పుటను తానే కట్టి, బొమ్మలను పలుచన చేసి, చిన్న మూటగా బిగించి పంపును. ఫోను ఆ మూటను విప్పి చూపును, అంతే. పుట బరువు పదింట తొమ్మిది వంతులవరకు తగ్గునని ఆ సంస్థవారు చెప్పిరి. అనగా 300 కిలోబైట్ల పుట 30 కిలోబైట్లుగా రాగలదు. కిలోబైట్ల లెక్కన బాలెన్సు కోసుకొనుచుండిన ఆ దినములలో ఇది ఎంతటి మేలో నాటి వారి నడుగుడు. బరువును మోయలేనివానిని బండి కొనుమనక, బరువును తామే మోసిరి.

తెలుగువారి కందులో ప్రత్యేకమైన మేలొకటి కలిగెను. 2010 ప్రాంతమున నేనును మీటల ఫోనునే వాడుచుంటిని. అందు తెలుగు పత్రికను తెరచినచో అక్షరములకు బదులు చదరపు డబ్బాలు బారులు తీరి కనబడెడివి. తెలుగు లిపికి 1991లోనే యూనికోడునందు సంకేతములు కలిగియున్నను, ఆ ఫోనులలో తెలుగు అక్షరరూపములు లేవు. ఉన్నను చాలదు. "స్త్రీ" యను నొక్క యక్షరమును చూడుడు. యంత్రమున కది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, ఈకారము అను ఆరు సంకేతముల వరుస. వానిని చేర్చి, వత్తులు క్రింద దించి, గుడిదీర్ఘము పైన పెట్టుట చిన్న ఫోనునకు తెలియదు. అప్పుడు తోటి యుపాధ్యాయుడొకడు నా కొక కిటుకు చెప్పెను. ఒపేరా మినీలో చిరునామా వ్రాయు చోట "ఒపేరా:కాన్ఫిగ్" అని ఆంగ్లమున కొట్టిన ఒక పట్టిక వచ్చును. అందు క్లిష్టలిపులకు బొమ్మ యక్షరములు వాడవలెనా అను వరుసకు "ఎస్" అని పెట్టవలెను. అంతట అక్షరములను కట్టు పనియు దూరపు సర్వరే చేసి, తెలుగును బొమ్మలుగా పంపును. నేనట్లు చేసి పత్రికను మరల తెరచితిని. డబ్బాలు పోయి, వత్తులతో గుణింతములతో తెలుగు నిలిచెను. అక్షరములు అంత అందముగా లేవు. ఐనను ఆ రాత్రి బాలెన్సు అయిపోవువరకు చదివితిని. ఆ కిటుకు బస్సులలో, టీకొట్లయొద్ద ఒకరినుండి యొకరికి పాకెను. ఫోనులో భాష లేదని చదువరిని త్రిప్పిపంపక, భాషను బొమ్మగానైనను అందించిన ఆ పనివారి యెడల నాకు నేటికిని కృతజ్ఞత కలదు.

ఇందు నష్టము లేదని చెప్పిన అబద్ధమగును. పుటయంతయు నడుమ నున్న సర్వరు చేతిలో విప్పబడి మరల కట్టబడుచుండెను గదా. బ్యాంకు పుటలవంటి ముద్రవేసిన లేఖలును అచ్చట తెరువబడెను. ఆ సంస్థ ఈ సంగతిని దాచలేదు. ఐనను చదివి తెలిసికొనినవా రెందరు? చదువురాని వృద్ధురాలు తన యుత్తరమును పొరుగువానిచేత చదివించుకొనును. పొరుగువాడు మంచివాడైనంత వరకు బాధ లేదు. వాన్ టెట్జ్‌నర్ 2011లో ఆ సంస్థను విడిచిపోయెను. 2016లో దాని బ్రౌజరు వ్యాపారము చైనా దేశపు పెట్టుబడిదారుల కూటమికి విక్రయింపబడెను. ఒకని నమ్మి యిచ్చిన యుత్తరము మరియొకని చేతికి పోవు నపాయ మిందు కలదని పెద్ద తరగతుల విద్యార్థులు గ్రహింపవలెను. ఆనాటి బీదఫోనునకు వేరు దారి లేదు గనుక నేను దానిని మన్నింతును. నేడు బ్యాంకు పనులకు అట్టి దారి పట్టుమని యెవరికిని చెప్పను.

2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోనును లోకమునకు చూపెను. అందలి సఫారి బ్రౌజరు పుటను మడవలేదు. పుటను 980 చుక్కల వెడల్పు కాగితముగా కట్టి, 320 చుక్కల తెరపై కుదించి పరచెను. కావలసిన చోట రెండు మారులు తట్టినచో ఆ భాగము పెద్దదై చదువుటకు వీలయ్యెను. దీనిని సొగసైన పని యనక తప్పదు. ఇంకొక సంగతి. ఆ బ్రౌజరు గుండెకాయ కే.హెచ్.టి.ఎం.ఎల్. అను ఉచిత సాధనమునుండి పుట్టినది, దానిని కే.డి.ఇ. అను సంఘమువారు అందరి కొరకు వ్రాసి పెట్టిరి. దానిపై ఆపిల్ వారు కట్టిన వెబ్‌కిట్‌ను నోకియావారును 2005లోనే తమ ఫోనులకు గ్రహించిరి. ఐఫోనువలన పుటలు వ్రాయువారికి కనువిప్పు కలిగెనని చెప్పవచ్చును. 2010లో ఈతన్ మార్కాట్ అను అమెరికా శిల్పి, ఒకే పుట యే తెర వెడల్పునకైనను వంగునట్లు వ్రాయు విధానమును వివరించెను. నే డది సర్వసాధారణము.

కాని ఆ ఫోను తొలి వెల 499 డాలర్లు. "మంచి ఫోను కొనుము, పుట తానే తెరచుకొనును" అను మాట అప్పటినుండియే బలపడెనని నా తలంపు. బరువు సర్వరునుండి దిగి మరల చదువరి భుజముపైకి ఎక్కెను. పుటలు తెర వెడల్పునకు వంగుట నేర్చినవి గాని, బరువు తగ్గుట నేర్వలేదు.

దీనికి నా మిత్రులొకరు బదులు చెప్పుచు, "2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిదప డేటా చవుక యయ్యెను, ఫోనులును చవుక యయ్యెను, ఇంకను ఈ గోల యేల?" అనిరి. డేటా చవుక యగుట నిజమే. 2020లో బడులు మూసి ఫోనులపై పాఠములు చెప్పిన దినములలో నేను చూచినది చెప్పెదను. ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను. అదియు తండ్రి పనినుండి వచ్చిన పిదప. అందు ఖాళీ చోటు లేదు. పాఠపు ఆప్‌ను దింపవలెనన్న పెండ్లి ఫోటోలను చెరిపివేయవలెను. రోడ్డు వెడల్పైన కొలది లారీలు పెద్దవగుచున్నట్లు, ఫోనులు బలిసిన కొలది పుటలును బలియుచున్నవి. కడపటి ఫోను ఎప్పుడును వెనుకనే. పైగా ఇప్పుడు ప్రతి కార్యాలయమును తన పుటను చూడుమనుట మాని తన ఆప్‌ను వేసికొను మనుచున్నది. అందరి కొక్కటే యైన పుటను విడిచి ఎవరి బావి వారు త్రవ్వుకొనుట మరల మొదలైనదని నాకు తోచుచున్నది.

ఈ సంవత్సరము మన సంచికను అచ్చు వేయుటయే గాక ఇంటర్నెట్టునందును ఉంచవలెనని సంపాదకవర్గము తీర్మానించెను. ఆ పుటలను తొమ్మిదవ తరగతి బాలబాలికలే కట్టుచున్నారు. నే నొక్క షరతు మాత్రము పెట్టితిని. ప్రధానోపాధ్యాయులవారి ఫోనులో గాక, హాస్టలులో వంటచేయు అమ్మగారి ఫోనులో తెరచుకొనిన పుటనే ఉంచవలెను. గత శనివారము మధ్యాహ్న భోజనమైన తరువాత ఆమె ఫోనును అడిగి పరీక్షించితిమి. ముఖపత్రము తెరచుకొనెను. పాస్టరు గారి సందేశము తెరచుకొనెను. క్రీడోత్సవముల ఛాయాచిత్రముల పుట మాత్రము గుండ్రముగా తిరుగుచునే యుండెను. లెక్కించి చూడగా ఒక్కొక్క చిత్రము నాలుగు మెగాబైట్లున్నది. "నా ఫోనే అంత, బాబూ" అని ఆమె చేతులు తుడుచుకొనుచు అనెను. బాలురు చిత్రములను కుదించుచున్నారు. వచ్చు శనివారము మరల ఆమె ఫోనును అడుగవలసియున్నది.